మఖమల్ కోటు కుడి చెయ్యి

నాలుగు కొట్టగానే టీవీలో కుట్టుపోటీ కొత్త సీజన్ పాట మొదలైంది. ఆమె కూతురు రిమోట్ అందుకుని సౌండు పెంచింది. భర్త పక్కింటి నుంచి అరువు తెచ్చిన రెండు కుర్చీలూ సర్ది, తీరా కూర్చోవడానికి తనకే లేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పక్కింటి నర్సు ఐదున్నరకి డ్యూటీలో ఉండాలి కనక తెల్లకోటుతోనే వచ్చి కూర్చుంది. అత్తగారు అందరికంటే ముందు, టీవీకి మూడడుగుల దూరంలో, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, తన కుట్టు కొట్లో కౌంటరు దగ్గర కూర్చున్నట్టే నిటారుగా కూర్చుంది. ఆమె మాత్రం వంటగది గుమ్మం పక్కన ముక్కాలిపీట వేసుకుంది, టీ పెట్టాలనో గిన్నె దించాలనో వంక పెట్టి లోపలికి పోవడానికి వీలుగా ఉంటుందని. ఈ గంట ఎలా ముగుస్తుందో ఈ గదిలో తెలిసింది తనొక్కతికే. పన్నెండు మందిలో మొదట ఇంటికి పంపేది తననే. ఆ సంగతి ఆరు వారాలుగా కడుపులో దాచుకుని దాచుకుని ఇప్పుడు దానికంత బరువు లేదు, రాయి నానితే మెత్తబడదు గానీ చేతికి అలవాటవుతుంది. ఆమెకి భయమల్లా ఇంకొకటి. అది వేస్తారో వెయ్యరో ఆమెకీ తెలీదు. వెయ్యకపోతే బతికిపోయినట్టే.

సంతకం పెట్టించుకున్నారు పోటీ వాళ్ళు, ప్రసారమయ్యేదాకా గెలుపోటముల సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదని. మొదటి వారం ఓడినవాళ్ళని వెంటనే ఇంటికి పంపితే గుట్టు రట్టవుతుందని, షూటింగు మొత్తం ముగిసేదాకా, ఇరవై నాలుగు రోజులు, ఒక హోటల్లో ఉంచారు. మొదట్లో ఆ హోటల్లో ఓడిపోయిన మనిషి తనొక్కతే. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, మూస్తే తెర, ఆ తెర అంచు మడత ఒకచోట ఊడి ఉంది, చూసి చూసి రెండో రోజే కుట్టేసింది. మూడో రోజు గదులు ఊడ్చే ఆవిడ ఏప్రన్ జేబు చిరిగి వేలాడుతుంటే విప్పించి కుట్టి ఇచ్చింది. మర్నాటికి ఆ అంతస్తులో పనిచేసేవాళ్ళంతా ఊడిన గుండీలూ తెగిన నాడాలూ పట్టుకుని తలుపు తట్టారు. అలా గడిచాయి రోజులు. ఇంటికొచ్చేసరికి, ఇన్నాళ్ళు ఉందంటే ఫైనల్ దాకా వెళ్ళే ఉంటుందని వీధి వీధంతా తేల్చేసింది. కూరగాయల కొట్టు దగ్గర ఒకావిడ చెయ్యి పట్టుకుని కంగ్రాట్స్ కూడా చెప్పేసింది. "నోట్లో నువ్వుగింజ నాననిదానివి, నీ నోటికి ఇంత గట్టి తాళం ఎవరేశారే?" అన్నాడు భర్త. ఆమె నవ్వి ఊరుకుంది. అత్తగారు మాత్రం ఒక్క ప్రశ్నే అడిగింది, చెప్పులు విప్పుతుండగానే: "గుడ్డ ఏమిచ్చారు?" మఖమల్ ఇచ్చారు అత్తయ్యా అంది. "ఊఁ," అంది అత్తగారు. ఇంకేం అడగలేదు. ఆ ఊఁ మాత్రం ఆరు వారాలుగా ఇంట్లో తిరుగుతూనే ఉంది.

"అదిగో అమ్మ మోచెయ్యి!" అని కూతురు గంతేసింది. నిజమే, పోటీకి గుడ్డగా పోసిన పాత నాటకశాల తెరల గుట్ట మీదికి అందరూ ఎగబడుతున్నప్పుడు అంచున కనపడిన మోచెయ్యి తనదే. మిగతా తను కెమెరాలో పట్టలేదు. తెరంతా పిలకవాడే ఉన్నాడు. జుట్టు నడినెత్తిన ముడేసుకున్న ఆ కుర్రాడు మంచివాడు, డిజైను కాలేజీలో చదివాడు, సూదిలో దారం ఎక్కించమని రోజుకి నాలుగుసార్లు తన దగ్గరికే వచ్చేవాడు. టీవీలో ఇప్పుడు వాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు, మఖమల్ తెర చేజారినందుకట. వాడు ఏడ్చిన మాట వాస్తవమే గానీ అప్పుడు కాదు, మర్నాడు, వాళ్ళమ్మ ఫోను తియ్యలేదని. ముందుది వెనక్కి, వెనకది ముందుకి జరిపి ఎంత శుభ్రంగా అతికించారో అనుకుంటూ ఉండగానే తన మొహం వచ్చింది, మొదటిసారి, తెరనిండా. తన మొహమే అయినా ఎవరో దూరపు బంధువులావిడలా ఉంది. పిలకవాడు బట్టలు తొడిగే బొమ్మకి గుడ్డ చుట్టి దూరంగా జరిగి చూసుకుంటున్నాడు. వెంటనే తను పెదవి విరిచి, "ఏముంది ఇందులో, ఉత్త నీళ్ళు," అంటోంది.

"అయ్యో, అంత మాట అన్నావా పాపం వాణ్ణి?" అన్నాడు భర్త.

"వాణ్ణి కాదండీ, టీని! ప్లాస్టిక్ గ్లాసులో టీ ఇచ్చారు, అందులో నిజంగానే నీళ్ళు తప్ప ఏం లేవు. ఆ మాట తెచ్చి ఇక్కడ పెట్టారు."

గదిలో అందరూ నవ్వారు. నర్సు అయితే కళ్ళు తుడుచుకుంది. అత్తగారు కూడా భుజాలు కదిలించింది, నవ్వినట్టే. ఆమెకి కొంచెం ఊపిరాడింది. టీ మాట తెచ్చి మనిషికి అంటగట్టేవాళ్ళు ఏదైనా చెయ్యగలరు, ఏదైనా తీసెయ్యగలరు కూడా, నలభై గంటలు తీసి నలభై నిమిషాలు వేస్తారని అక్కడే ఎవరో అన్నారు, అందులో తన మూడు ముక్కలకి చోటెక్కడ. ప్రకటనలు వచ్చాయి. లేచి పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. గిన్నెలో పాలు అంచుల దగ్గర కదలడం మొదలెట్టినప్పుడు, ఎందుకో మరి, గుండీలు గుర్తొచ్చాయి.

కొట్లో మొదటి రోజు గుండీలే ఇచ్చింది అత్తగారు. పెళ్ళయి నెల కాలేదు. ఇరుకైన కొట్టు, రెండు మిషన్లు, పొడవాటి బల్ల, గోడ నిండా మేకులకి వేలాడే కాగితం నమూనాలు. బడిపిల్లల చొక్కాలు, నర్సుల కోట్లు, కాపలావాళ్ళ ప్యాంట్లు, లిఫ్టు నడిపేవాళ్ళ జాకెట్లు. నలభై ఏళ్ళుగా ఆ కొట్లో యూనిఫారాలు తప్ప ఇంకొకటి కుట్టింది లేదు. పన్నెండు చొక్కాలకి గుండీలు వేసి, గట్టిగా వేశాను చూడండి అన్నట్టు బల్ల మీద పెట్టింది. అత్తగారు ఒక గుండీని గోటితో లేపడానికి చూసింది, లేవలేదు, బ్లేడు తీసుకుని పన్నెండు చొక్కాల గుండీలూ వరసగా కోసేసింది. "విప్పు" అనే మాట అప్పుడే మొదటిసారి విన్నది, తర్వాత పద్దెనిమిదేళ్ళు వింటూనే ఉంది. ఎందుకో చెప్పదు. ఎలాగో చూపించదు. విప్పు, అంతే. గుండీకీ గుడ్డకీ మధ్య దారంతో చిన్న మెడ కట్టాలనీ, లేకపోతే కాజాలో దూర్చినప్పుడు గుడ్డ ముడత పడుతుందనీ తనకి తనే తెలుసుకునేసరికి సాయంత్రమైంది. చొక్కా చెయ్యి అతికే కుట్టు చంక దగ్గర ఎక్కడ వదులు ఉంచాలో, ఎక్కడ బిగించాలో తెలిసేసరికి రెండేళ్ళయింది. దాన్ని నేర్పడం అంటారా? ఇదే ప్రశ్న ఆమె ఆ హోటల్ గదిలో గోడకేసి చూస్తూ ఎన్నిసార్లు వేసుకుందో. ఒకసారి అంటారు అనిపించేది. ఇంకోసారి, నా ఖర్మకి నేను తెలుసుకున్నాను, ఆవిడ చేసిందల్లా చింపడమే అనిపించేది.

పాలు పొంగబోయాయి. దించింది. రెండేళ్ళుగా అత్తగారి చేతులు వణుకుతున్నాయి. డాక్టరు మందిచ్చాడు, పనిచెయ్యలేదు. కత్తెర పట్టడం మానేసింది. ఈ సంగతి ఇల్లు దాటి పోలేదు. కొలతలు తీసేది, కత్తిరించేది, కుట్టేది, ఇస్త్రీ చేసేది అన్నీ తనే, ఇచ్చేటప్పుడు మాత్రం మడతపెట్టిన బట్టలు అత్తగారి ముందు పెడుతుంది, అత్తగారు బట్టల కోసం వచ్చినవాళ్ళకేసి కొంచెం జరుపుతుంది. వాళ్ళు, "పెద్దావిడ చేతి కుట్టు మాటే వేరండీ," అంటారు. తన ఎదురుగానే అంటారు. అత్తగారు తల ఊపుతుంది. తనూ ఊపుతుంది. ముసలావిడ గౌరవం నిలబడింది కదా అని సంతోషమే, అబద్ధం ఎందుకు, చాలా రోజులు సంతోషంగానే ఊపింది. ఏదో ఒక రోజు మాత్రం బల్ల కింద ఆమె పిడికిలి బిగుసుకుంది. ఏ రోజో గుర్తులేదు. బయట ఎవరూ చూడలేదు కనక అది జరగనట్టే లెక్క.

టీ గ్లాసులు అందించేసరికి ప్రకటనలు అయిపోయాయి. టీవీలో ఎర్ర కళ్ళజోడు పెట్టుకున్న జడ్జీ బల్లల మధ్య తిరుగుతోంది. ఆ వెనకే, తెరకి అవతల, ఈ కెమెరా ఇప్పుడు చూపించని పక్కన, చిన్న గది ఒకటి ఉంది, ఆమెకి ఆ గది తలుపు రంగు కూడా గుర్తే. లోపల ఒక స్టూలు, మొహం మీద లైటు, ఎదురుగా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న అమ్మాయి. "మీకు ఈ పని ఎవరు నేర్పారు?" అంది. "మా అత్తగారు," అంది తను, ఆలోచించకుండా, నీ పేరేమిటంటే పేరు చెప్పినట్టు. ఆ అమ్మాయి కాగితం కేసి చూసుకుని ముక్కు చిట్లించింది. "పోయిన సీజన్లో ఒకావిడ అచ్చం ఇదే చెప్పారండీ. అత్తగారు, కుట్టుమిషను, ఏడుపు. మళ్ళీ అదే అంటే బాగోదు. మీ ఫారంలో చూస్తే మీరు కోర్సులూ అవీ ఏం చెయ్యలేదు కదా. సొంతంగా నేర్చుకున్నట్టే కదా ఒక రకంగా?" ఒక రకంగా అన్న మాట దగ్గర ఆమె పిడికిలి తెరుచుకుంది. "నాకెవరూ నేర్పలేదు," అంది. "నా అంతట నేనే నేర్చుకున్నాను," అని కలిపింది, అడగకుండానే. అమ్మాయి బొటనవేలు పైకెత్తి చూపించింది. లేచి బయటికొచ్చాక కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, అదీ అసలు సంగతి. ఎవరో అనిపించారని అనుకోవడానికి లేదు. నోరు తిరగని మాట అనిపిస్తే తడబడతారు, ఆమె తడబడలేదు. మధ్యాహ్నమంతా ఆ తేలికతోనే పనిచేసింది. భయం పట్టుకుంది రాత్రి పళ్ళు తోముకుంటున్నప్పుడు. అప్పటికే కెమెరాలు సర్దేశారు.

"అక్కా, టీ ఎంత బాగా పెట్టావో, దీంట్లో నీళ్ళు లేవు," అని నర్సు హాస్యమాడింది. ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఉండగానే ఆ చిన్న గది వచ్చేసింది టీవీలో. తలుపు రంగు కనపడలేదు, స్టూలు కనపడలేదు, వెనక నీలం వెలుగు, కింద తన వయసు, ఊహించని ఒక వయొలిన్. తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది ఆమె, ముక్కాలిపీట మీద, ఖాళీ ట్రే ఒళ్ళో పెట్టుకుని. తెర మీది మనిషి మాత్రం కొంచెం గడ్డం ఎత్తి, కళ్ళు నిలిపి, ఎంతో హాయిగా, "నాకెవరూ నేర్పలేదు. నా అంతట నేనే నేర్చుకున్నాను," అంది. ఒక్క ముక్క తియ్యలేదు. వయొలిన్ పైకి లేచింది, పక్కనే కాగితం నమూనా మీద సుద్దతో గీస్తున్న తన వేళ్ళు చూపించారు, అవి మాత్రం అత్తగారి వేళ్ళలాగే ఉన్నాయి, అదే వంపు, సుద్ద మీద అదే మొండి పట్టు.

నర్సు గ్లాసులోకి చూసుకుంది. భర్త గోడ దగ్గర నుంచి కదిలి, ఏదో పని ఉన్నట్టు కిటికీ రెక్క వేసి మళ్ళీ తీశాడు. అత్తగారి వీపు కదల్లేదు. ఆ వీపు తనకి పద్దెనిమిదేళ్ళుగా తెలుసు, కోపమొస్తే కుడి భుజం ఎగరేస్తుంది, అలసిపోతే ఎడమ పక్కకి ఒరుగుతుంది, ఇప్పుడు రెండూ లేవు. మళ్ళీ ప్రకటనలు. సబ్బు, సిమెంటు, పిల్లల బిస్కట్లు. కూతురే ముందు నోరు విప్పింది, పదమూడేళ్ళ పిల్లకి ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతే భయం. "అమ్మా, ఇది కూడా అతికించిందే కదా? టీలాగా? నువ్వు వేరే ఏదో అంటే ముందు మాట కోసేసి ఉంటారు. కదమ్మా?" భర్త మొహం వెలిగింది. "అంతే, అంతే అయ్యుంటుంది. దొంగవెధవలు," అన్నాడు. నర్సు కూడా తలెత్తింది. దారి తెరిచి ఉంది. తలుపు తీసి దీపం పట్టుకుని, రండి అమ్మా ఇటు అని ముగ్గురూ నిలబడ్డారు. అవును అంటే చాలు. ఎవరికీ ఎప్పటికీ తెలిసే వీలు లేదు. హెడ్‌ఫోన్ల అమ్మాయి ఇంటికొచ్చి సాక్ష్యం చెప్పదు. టీ మాట రుజువు ఉండనే ఉంది. రేపు కొట్టుకొచ్చేవాళ్ళందరికీ కూడా ఇదే చెప్పొచ్చు, నవ్వుతూ, టీ కథతో కలిపి. నాలుక మీదికి వచ్చేసింది అవును. ఎందుకు ఆగిందో ఆమెకే తెలీదు. ఇంకో ప్రకటన అయ్యాక చెబుదామనుకుంది. ఇంకోటి అయ్యాక అనుకుంది. బిస్కట్ల పాట మళ్ళీ వచ్చింది.

తర్వాత ర్యాంపు. మోడళ్ళు ఒక్కొక్కరే. పిలకవాడి గౌను, ఇంకెవరిదో పొట్టి జాకెట్, ఆ తర్వాత తన కోటు. ముదురాకుపచ్చ మఖమల్, మోకాళ్ళ కింది దాకా, మెడ దగ్గర మడత లేకుండా సాఫీగా, నడుము దగ్గర ఒకే ఒక గుండీ. ఎనిమిది గంటల్లో కుట్టిన కోటు. ఆ అమ్మాయి నడుస్తుంటే గుడ్డ నీళ్ళలా కదులుతోంది, ఇన్నాళ్ళ తర్వాత చూస్తుంటే తన కళ్ళకే ముచ్చటేసింది, ఎవరు కుట్టారో గానీ భలే కుట్టారు అనిపించేంతగా. భర్త చప్పట్లు కొట్టబోయి ఆగాడు. అప్పుడు అత్తగారు లేచింది. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, రెండడుగులు వేసి, టీవీ అద్దానికి మొహం ఆనించినంత దగ్గరికి వెళ్ళి నిలబడింది. నానమ్మా కనపడట్లేదు అని కూతురు అనబోతే తండ్రి చెయ్యి నొక్కాడు.

"కుడి చెయ్యి తిరగబడింది," అంది అత్తగారు.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. మోడల్ చెయ్యి బాగానే ఉందిగా అన్నట్టు చూశారు. ఆమెకి మాత్రం వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. మఖమల్‌కి నూగు ఉంటుంది, పిల్లి వీపు మీద వెంట్రుకల్లా, అన్నీ ఒకే వాలుకి. కోటు ముక్కలన్నీ ఆ వాలుకే కత్తిరించాలి. ఒక్క ముక్క తలకిందులైనా వెలుతురు పడినప్పుడు ఆ ముక్క రంగు వేరుగా కనపడుతుంది. తను ఆత్రంగా లాక్కొచ్చిన తెర పరిచి చూస్తే మధ్యలో మూరెడు చిరుగు. అన్నీ వాలుకే కోసుకుంటూ వచ్చింది, కుడి చేతి ముక్కకి వచ్చేసరికి గుడ్డ చాలలేదు. తలకిందులుగా పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కత్తెర పట్టుకుని నిలబడినప్పుడు చెవిలో విప్పు అన్న మాట వినపడింది కూడా. ఎవరు చూస్తారులే అనుకుంది. కోసేసింది.

"అవునత్తయ్యా. గుడ్డ చాలలేదు."

"జడ్జీలు ఏమన్నారు?"

"ఎవరూ చూడలేదు."

"చూడలేదా?" అత్తగారు వెనక్కి తిరిగింది. మొహంలో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యం. "ముగ్గురు కూర్చున్నారు కదా! ఏం చూస్తున్నారు మరి?"

ముగ్గురు జడ్జీలు, ఆరు కెమెరాలు, పదకొండు మంది పోటీదారులు, ఎవరూ చూడలేదు. ఇంట్లో, మధ్యాహ్నపు ఎండ పడి సగం వెలిసిపోయిన టీవీలో, నాలుగు సెకండ్లు కనపడిన కోటులో, వణికే చేతుల మనిషి చూసింది. ఆమెకి అవును అన్న మాట గొంతులోంచి దిగిపోయింది, మింగినట్టు కూడా తెలీలేదు. ట్రే పక్కన పెట్టి లేచింది.

"అత్తయ్యా, ఆ మాట వాళ్ళు అతికించింది కాదు. నేనే అన్నాను."

"తెలుసు," అంది అత్తగారు. "అతికిస్తే కుట్టు కనపడదూ?"

అత్తగారు వచ్చి తన కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది, ఒకదాన్ని ఇంకోటి పట్టుకుని ఆపుతున్నట్టు. "అన్నదాంట్లో తప్పేముంది? నేను నేర్పి ఉంటే కుడి చెయ్యి తిరగేసి కోసేదానివా?"

నర్సు ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకెవరూ నవ్వలేదు. ఆమెకి ఏడుపూ రాలేదు. కూతురు అరువు కుర్చీ ఖాళీ చేస్తే అత్తగారి పక్కన కూర్చుంది. "ఎవరో అమ్మాయి అడిగింది, మీ పేరే చెప్పాను ముందు. వద్దంది. వద్దంటే మానెయ్యచ్చు. అనమని మెడ మీద కత్తి పెట్టలేదు ఎవరూ."

"అన్నప్పుడు ఎలా ఉంది?"

ఇలాంటి ప్రశ్న అత్తగారు అడుగుతుందని ఆమె ఎన్ని రాత్రులు ఎన్ని రకాలుగా ఊహించుకున్నా ఊహించలేదు. భర్త ఇటే చూస్తున్నాడు. అబద్ధం చెప్పే ఓపిక ఇంక లేదు. "బాగుంది," అంది.

"బాగుంటుంది," అంది అత్తగారు, కొట్లో కొలత ఒప్పుకున్నట్టు. "నాకూ బాగుండేది. కొట్టు తెరిచిన కొత్తలో అందరూ అడిగేవాళ్ళు, ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని. ఎవరి దగ్గరా లేదు, చూసి నేర్చుకున్నా అనేదాన్ని. ఒక కుట్టుమేస్త్రి ఉండేవాడు. నాలుగేళ్ళు ఆయన బల్ల కింద ముక్కలు ఏరాను, రెండేళ్ళు బల్ల పక్కన నిలబడ్డాను. నలభై ఏళ్ళలో ఎవరి దగ్గరైనా ఆయన ఊసెత్తానా? వీడు నా కొడుకు, వీడికి తెలుసా?"

"తెలీదు," అన్నాడు భర్త, గోడ దగ్గర నుంచి.

"అమ్మా!" అని కూతురు అరిచింది. "నిన్ను తీసేశారు!"

అందరూ ఒక్కసారి టీవీకేసి తిరిగారు. అప్పటికే తెర మీద తను కత్తెరా టేపూ సంచీలో సర్దుకుంటోంది, పిలకవాడు వచ్చి కావలించుకున్నాడు, పేర్లు పైకి పోవడం మొదలెట్టాయి. ఆరు వారాలు మొగుడికి కూడా చెప్పకుండా దాచిన గుట్టు, తీరా బయటపడే నిమిషానికి చూసింది ఒక్క కూతురే. "ఆ గడ్డం జడ్జీ," అని పిల్ల ఉక్రోషంగా చెబుతోంది, "కుట్టు నీటుగా ఉంది కానీ కొత్తదనం లేదట, యూనిఫారంలా ఉందట!"

అత్తగారి కుడి భుజం ఎగిరింది. "యూనిఫారంలా ఉందా? యూనిఫారం అంటే ఏమనుకుంటున్నాడు వాడు? రోజుకి పన్నెండు గంటలు, వారానికి ఆరు రోజులు ఒంటి మీద ఉండాలి, వంగితే పట్టకూడదు, లేస్తే జారకూడదు, వందసార్లు ఉతికినా భుజం భుజం మీదే ఉండాలి. వాణ్ణి ఒకటి కుట్టమను చూద్దాం. కొత్తదనమట! తిరగబడ్డ చెయ్యి కనపడనివాడికి కొత్తదనం కనపడుతుందా?" ఊపిరి తీసుకుని నర్సుకేసి తిరిగింది. ఆ పిల్ల సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళనా వద్దా అని నిలబడి ఉంది. "ఇటు రామ్మా. వెనక్కి తిరుగు. చెయ్యి పైకెత్తు. ఎక్కడైనా పట్టిందా?"

"లేదు పెద్దమ్మా. మీ కుట్టు కదా, ఎందుకు పడుతుంది."

"నా కుట్టు కాదు. నేను కత్తెర పట్టి రెండేళ్ళయింది. నువ్వేసుకున్నది ఇది కుట్టిందే," అంది అత్తగారు, పక్కన కూర్చున్న కోడలి కేసి గడ్డం చూపించి. "మీ వార్డులో వాళ్ళందరివీ ఇది కుట్టినవే. చెప్పు వాళ్ళకి."

నర్సు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఇద్దరికేసీ మార్చి మార్చి చూసి, దించి, "చెబుతాను," అంది. ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇలా జరిగితే ఎంత బాగుండునో అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో, జరిగాక మాత్రం ముసలావిడ దగ్గర నుంచి తనే ఏదో లాక్కున్నట్టనిపించింది. రేపు కొట్లో మడతపెట్టిన బట్టలు ఎవరి ముందు పెట్టాలో తెలియలేదు. ఆ సంగతి రేపు చూడాలి.

కూతురు టీవీ కట్టేసింది. గది ఒక్కసారి చిన్నదైపోయింది. భర్త ఎట్టకేలకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎవరమ్మా ఆ మేస్త్రి?" అన్నాడు. "నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పడానికేముంది? చొక్కాల మేస్త్రి. కుడి చేతికి నాలుగే వేళ్ళు, చూపుడువేలు లేదు. ఏదో మిషనులో పోయిందనేవాళ్ళు, ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కత్తెర పిడి పై కంట్లో బొటనవేలు, కింద కంట్లో నడిమివేలు పెట్టి కోసేవాడు. ఆయన్ని చూసి నేర్చుకున్నానా, నేనూ వేలు మడిచేసి కోసేదాన్ని, నిక్షేపంలాంటి వేలుండి కూడా. పదేళ్ళు పట్టింది మానడానికి. కానీ వంపులు కొయ్యాలంటే, చంకలూ మెడలూ, అదే పట్టు మంచిది. వేలు అడ్డం రాదు." అత్తగారు చెప్పడం ఆపి, గాల్లో చేత్తో చూపించబోయింది. చెయ్యి నిలవలేదు. దించేసి, "అమ్మాయ్, నీ చెయ్యి ఇలా ఇయ్యి," అంది.

ఆమె కుడి చెయ్యి చాపింది. అత్తగారు దాన్ని తన ఒళ్ళోకి తీసుకుని, చూపుడువేలు పట్టుకుని అరచేతిలోకి మడిచింది. వణికే వేళ్ళతో ఆమె బొటనవేలినీ నడిమివేలినీ కత్తెర పట్టినట్టు అమర్చింది. ఇంతకుముందెప్పుడూ ఇలా చెయ్యి పట్టుకుని చూపించలేదు, పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "ఇలా. కొయ్యి," అంది. ఆమె రెండు వేళ్ళూ గాల్లో ఒకసారి తెరిచి మూసింది.

"అలా కాదు," అని అత్తగారు మళ్ళీ మొదటి నుంచి వేళ్ళు సర్దడం మొదలుపెట్టింది.